అమ్మ దిద్దిన ఇంగ్లీషు

మా మనవరాలు ఈ వేసవిలో కాలేజీ సీటు కోసం ప్రవేశపరీక్ష రాస్తోంది. అందులో ఇంగ్లీషుకు విడిగా ఒక పేపరు ఉంటుందట. వసంత్ కుంజ్‌లో మా ఫ్లాటు బాల్కనీని ఆనుకున్న గదిలో, పొద్దున్నే కాఫీ అయ్యాక, కంప్యూటర్ ముందు కూర్చుని రోజుకొక నమూనా పేపరు పూర్తి చేస్తుంది. మాటలకు అర్థాలు, ఖాళీలు పూరించడం, వాక్యాల్లో తప్పులు పట్టడం దానికి మంచినీళ్ళ ప్రాయం. ఒక పేరా ఇచ్చి కింద ప్రశ్నలు అడిగే చోటికి వచ్చేసరికి మాత్రం మార్కులు జారిపోతున్నాయి. ఎందుకు జారుతున్నాయో దానికీ తెలియలేదు, గుర్‌గావ్ ఆఫీసుకు పరుగెత్తే వాళ్ళమ్మకీ చూసే తీరిక లేదు.

నేను రిటైరై చాలాకాలమైంది కానీ పద్ధతి మారలేదు. పదమూడో ఏట నుంచి నేటి వరకు రాసిన డైరీలు నా ఇనుప బీరువాలో వరసగా ఉన్నాయి. ఏ రోజు ఎవరొచ్చారు, ఏం వండాం, ఎంత ఎండ కాసింది అన్నీ దొరుకుతాయి. అందుకని దీని సంగతి కూడా పద్ధతిగానే చూశాను. ఒక వారం పేపర్లలో తప్పుపోయిన జవాబులన్నీ ఒక కాగితం మీదకు ఎక్కించి, పక్కన పేరాలో ఉన్న వాక్యం రాసి, ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ వచ్చాను. విషయం తేలిపోయింది. పిల్ల పేరా చదువుతోంది. జవాబు మాత్రం తన మనసులోంచి ఇస్తోంది.

కాగితం దాని ముందు పెట్టి, ఈ జవాబు పేరాలో ఎక్కడుందో చూపించమన్నాను.

"లిఖా తో నహీ హై అమ్మమ్మా. బట్ ఇట్స్ ఆబ్వియస్. ఎవరైనా అదే అనుకుంటారు కదా."

"ఫైల్లో లేనిది మనం రాయకూడదు."

"కౌన్ సీ ఫైల్?"

ఫైలు సంగతి ఎత్తింది నేనే, మాట మాత్రం మా నాన్నది. గొంతు కూడా కాస్త ఆయనదే వచ్చినట్టుంది. ఏ ఫైలో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి. దానికి ఆ రోజు క్లాసు లేదు, నాకు బియ్యం ఏరే పని తప్ప ఇంకో పని లేదు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టాను.

మా నాన్న ఒక మంత్రిత్వశాఖలో దఫ్తరీ. గుమాస్తాకు ఒక మెట్టు కింద, బంట్రోతుకు ఒక మెట్టు పైన ఉండే ఉద్యోగం. వచ్చిన ఉత్తరాలకు రిజిస్టరులో నంబరు వేయడం, ఫైళ్ళకు ట్యాగులు కట్టడం, ఒక గదిలోంచి ఇంకో గదికి మోసుకెళ్ళడం, మైదాపిండి ఉడికించి జిగురు తయారు చేయడం, నోటీసులు బోర్డుకు అంటించడం ఆయన పనులు. శ్రీకాకుళం వైపు పల్లెలో ఎనిమిదో తరగతి దాకా చదివి, తెలిసినవాళ్ళ వెంట ఢిల్లీ రైలెక్కి, పట్టుదలగా ప్రైవేటుగా మెట్రిక్ పూర్తిచేసిన మనిషి. ఇంగ్లీషు ఆయనకు ఏ మాస్టారూ నేర్పలేదు. పద్నాలుగేళ్ళు ఫైళ్ళు మోస్తూ, మోసినవి చదువుతూ నేర్చుకున్నాడు.

దఫ్తరీలు గుమాస్తాలు కావడానికి శాఖలో ఒక ఇంగ్లీషు పరీక్ష పెట్టేవారు. మూడుసార్లకు మించి రాయనిచ్చేవారు కాదు. నాన్న రెండుసార్లు తప్పాడు. మూడోది వచ్చే వానాకాలంలో ఉంది. అది కూడా పోతే రిటైరయ్యేదాకా మోతే. ఆయన కోరిక కూడా పెద్దదేం కాదు. ఫైలు మీద నోట్ రాసిన గుమాస్తా అడుగున ఎడమవైపు పొట్టి సంతకం పెడతాడు. ఎన్ని వేల ఫైళ్ళు మోసినా వాటిలో ఒక్కదాని మీద కూడా తన అక్షరాలు లేవు. ఒక్క ఫైలు మీదైనా ఎడమవైపు తన పొట్టి సంతకం చూసుకోవాలని ఉండేది. ఆ సంతకం నా రఫ్ నోటుబుక్కు అట్ట లోపల ప్రాక్టీసు చేసేవాడు. నేను చూడలేదనుకునేవాడు.

మేముండేది ప్రభుత్వ క్వార్టర్లలో. రెండు గదులు, ఒక వరండా, వెనక నాలుగిళ్ళకు కలిపి ఒక ఆవరణ. వేసవి వస్తే కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళం. వేడిగాలి వాటిలోంచి వచ్చేసరికి తడిమట్టి వాసన మోసుకొచ్చేది. పక్కింటి పంజాబీ ఆంటీ వంటింట్లోంచి ఆవనూనె, మా వంటింట్లోంచి ఇంగువ తిరగమోత ఆవరణ మధ్యలో కలుసుకునేవి. రోడ్డుకు అటూ ఇటూ షహ్‌తూత్ చెట్లుండేవి, మనం మల్బరీ అంటామే, అవి. పండ్లు రాలితే మా పిల్లలందరికీ అరిచేతులు, మోచేతులు, గౌన్లు ఊదారంగు. కరివేపాకు, మునక్కాయ, కాఫీ పొడి కావాలంటే మాత్రం ఆదివారం కరోల్ బాగ్ వెళ్ళాల్సిందే. బస్సులో వచ్చేటప్పుడు నాన్న ఒళ్ళో కరివేపాకు కట్ట ఉంటే, పక్క సీటాయన అదేం ఆకని అడగకుండా దిగేవాడు కాదు.

ఆ ఏడాది నేను ఎనిమిది పాసయ్యాను. స్కూల్లో ఇంగ్లీషులో మొదటి మార్కు నాదే. దానివల్ల నాన్నకు పాఠం చెప్పే బాధ్యత నా మీద పడింది. నిజానికి పడలేదు, నేనే లాక్కున్నాను. నాన్న ఆఫీసు నుంచి తెచ్చిన పెన్సిలు ఒకటి ఉండేది, ఒక కొస ఎరుపు, ఇంకో కొస నీలం. ఎర్ర కొసతో తప్పులు కొట్టడంలో ఉన్న ఆనందం ఆ వయసులో ఇంకెందులోనూ ఉండదు. నోటుబుక్కులో గడులు గీశాను. పాఠం నంబరు, పట్టిన సమయం, తప్పులు, సంతకం. సంతకం గడి నాది.

మా మొదటి తరగతి గది పాల బూత్ ముందు క్యూ. తెల్లవారుతూనే ఖాళీ సీసాలు సంచీలో గలగలలాడుతుంటే నాన్నా నేనూ వెళ్ళి నిలబడేవాళ్ళం. మాకంటే ముందు లేచినవాళ్ళు ఇటుకరాయినో, విరిగిన చెప్పునో తమ స్థానంలో పెట్టి వెళ్ళేవారు. ఆ చెప్పుకు ఉన్న హక్కును ఎవరూ కాదనేవారు కాదు. క్యూ కదిలేలోపు పది మాటలు. నేను అడగడం, నాన్న అర్థం చెప్పడం. రెండో వారానికి క్యూలో అందరికీ తెలిసిపోయి, పంజాబీ ఆంటీ రోజూ "ఆజ్ కిత్‌నే నంబర్ ఆయే భాయీ సాబ్?" అని అడిగి, పదికి పది వస్తే క్యూలో మమ్మల్ని ఒక అడుగు ముందుకు జరిపేది.

ఒకరోజు నాన్నను ఓడించాలని బుద్ధి పుట్టింది. డిక్షనరీ తిరగేసి, నాకే నోరు తిరగని మాటలు ఏరుకుని వెళ్ళాను. నాట్‌విత్‌స్టాండింగ్, ఫోర్త్‌విత్, ఎక్స్‌పెడైట్. నాన్న ఒక్కటీ వదలకుండా చెప్పేశాడు. అవన్నీ రోజూ ఆయన చంకలో తిరిగే మాటలే. ఉక్రోషంతో చివరికి మా రీడరులోంచి ఒక మాట అడిగాను. గిగిల్. నాన్న ఆలోచించాడు. సీసాల సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తెలియదన్నాడు. యాన్ తెలియదు, పడిల్ తెలియదు. ఆవలింత, వాననీటి గుంట, కిలకిల నవ్వు ఏ ఫైల్లోనూ రావు మరి. ఆ రోజు నేను గెలిచాననే అనుకున్నాను.

అసలు చిక్కు పేరా దగ్గర వచ్చింది. మా రీడరులో ఒక ముసలి పడవవాడి కథ ఉండేది. తుఫాను రోజు, ఎవరు వద్దన్నా వినకుండా, జబ్బుపడిన ఒక పిల్లను అవతలి ఒడ్డుకు చేరుస్తాడు. తిరిగి వచ్చేటప్పుడు ఎవరితోనూ మాట్లాడడు. అతను ఎందుకు మాట్లాడలేదన్నది ప్రశ్న. నాన్న గుండ్రటి దస్తూరీతో ఇంగ్లీషులో రాసిన జవాబుకు తెలుగు ఇది:

"ఈ విషయమై పై పేరాలో సమాచారం లభ్యం కాలేదు. ఆమోదమైతే పడవవాడిని సంప్రదించి తెలుసుకోవచ్చు. ఆదేశాల నిమిత్తం సమర్పించడమైనది."

స్నేహితుడికి ఉత్తరం రాయమంటే, "మీ ఉత్తరం అందినది, విషయం పరిశీలనలో ఉన్నది" అని మొదలుపెట్టాడు. వేసవి సెలవుల గురించి పది వాక్యాలు రాయమంటే సెలవుల మంజూరుకు నియమాలు రాశాడు. వ్యాకరణం తప్పు ఒక్కటి లేదు. ఎర్ర పెన్సిలు ఎక్కడ పెట్టాలో తెలియక నేను కొస నములుతూ కూర్చునేదాన్ని.

ఆదివారాలు నాన్న ఆఫీసులోని సెక్షన్ ఆఫీసరు మా ఇంటికి వచ్చేవారు. అనంతపురం మనిషి, కుటుంబం ఊళ్ళో ఉండేది. అమ్మ పెసరట్టు కోసం వస్తున్నానని దాచకుండా చెప్పేవారు. వరండాలో నవారు మంచం మీద కూర్చుని, మూడో అట్టు తింటూ, నా నోటుబుక్కు తీసి నాన్న జవాబులు చదివారు. చదువుతూ చదువుతూ కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. నవ్వు వల్ల.

"ఏమప్పా, ఈ జవాబులకు సంతకం పెట్టి పైకి పంపొచ్చు. మార్కులు మాత్రం వెయ్యలేం. ఫైళ్ళన్నీ నీ నోట్లోనే ఉండాయి. నీ మాట యాడుందప్పా?"

"ఫైల్లో నేనిది మనం రాయకూడదు కద సార్," అన్నాడు నాన్న తన శ్రీకాకుళం యాసలో. ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూనే ఇంకో అట్టు తెమ్మని అమ్మకు సైగ చేశాడు.

సెక్షన్ ఆఫీసరు అడిగిన మాట అక్కడితో వదిలేసి ఉండాల్సింది. నేను దాచుకున్నాను. పది రోజుల తరువాత, మధ్యాహ్నం వేడిగాలికి తడికలు ఎండిపోయి చిటపటలాడుతున్న వేళ, నాన్న మళ్ళీ పడవవాడిని సంప్రదించవచ్చని రాశాడు. అప్పటికి ఆరోసారి. నేను పెన్సిలు విసిరేశాను.

"నీకు సొంత మాట ఒక్కటి కూడా లేదా నాన్నా? మోయడమేనా?"

లోపల రోట్లో పచ్చడి నూరుతున్న చప్పుడు ఆగిపోయింది. నాన్న నోటుబుక్కు మూశాడు. ఆఫీసు అలవాటు కొద్దీ దాని మధ్యలోంచి ఒక ట్యాగు దూర్చి ముడివేశాడు. పని ముగిసిన ఫైలుకు వేసే ముడి అది. లేచి తడికల మీద నీళ్ళు చల్లి, చొక్కా తొడుక్కుని బయటకు వెళ్ళిపోయాడు.

మర్నాడు పాల క్యూలో మాటల్లేవు. పంజాబీ ఆంటీ ఎంతని అడిగితే నాన్న "ఆజ్ ఛుట్టీ" అన్నాడు. ఆ మర్నాడూ సెలవే. నాలుగు రోజులు గడిచాయి. పరీక్షకు ఇంకా ఆరు వారాలుంది. గడుల నోటుబుక్కు ముడితోనే గూట్లో ఉంది. నాకు భయం వేసింది. నాన్న పరీక్ష తప్పితే, ఆ తప్పులో నా మాట కూడా ఉంటుంది.

ఐదో రోజు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. అమ్మకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. పోపు డబ్బాల వెనకనుంచి ఒక బిస్కట్ల రేకుడబ్బా తీసి నా ముందు పెట్టింది.

"ఏటే, మీ నాన్నకి మాట నేదన్నావు? చదువు."

అవి నాన్న ఢిల్లీలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, అమ్మను ఇంకా కాపురానికి తెచ్చుకోక ముందు రాసిన ఉత్తరాలు. ఒక్కొక్కటి ఆరు పేజీలు, ఎనిమిది పేజీలు. మొదటి చలికాలంలో, పొద్దున్నే నోట్లోంచి పొగ వస్తుంటే జ్వరమేమోనని భయపడి, ఎదురుగా వచ్చే గుర్రపుబండి గుర్రానికి కూడా వస్తోందని చూసి ధైర్యం తెచ్చుకున్నాడట. ఆఫీసు మెట్లు ఎన్నో లెక్కపెట్టి, ఊళ్ళో కొబ్బరిచెట్టు ఎక్కినట్టే ఉందని రాశాడు. ఇక్కడి చేపకు సముద్రం గుర్తులేదు, అందుకే రుచి లేదని రాశాడు. చదువుతూ నవ్వాను. అమ్మ చూస్తోందని మర్చిపోయి చాలాసేపు నవ్వాను. ఇలాంటి మనిషి మా ఇంట్లో ఉన్నాడని నాకు తెలియదు.

ఆ సాయంత్రం నాన్న ఇంటికి రాగానే ఎదురెళ్ళి, తప్పుగా మాట్లాడానని చెప్పాను. ఆయన నా తలమీద చెయ్యి వేశాడు. నోటుబుక్కు ముడి ఆయన చేతే విప్పించి, కొత్త పద్ధతి చెప్పాను. ఇకమీదట రోజూ ఒక పేజీ అమ్మకు ఉత్తరం రాయాలి. ఇంగ్లీషులో.

"మీ అమ్మకి ఇంగ్లీషు ఏటి తెలుసు?"

"నేను తెలుగులో చదివి వినిపిస్తాను. మార్కులు అమ్మ వేస్తుంది."

నాన్న వంటింటి గుమ్మం వైపు చూశాడు. అమ్మ బియ్యం కడుగుతూ, మార్కులు గట్టిగానే వేస్తానని చెప్పింది.

అలా మా ఇంట్లో ఇంకో పరీక్ష మొదలైంది. మొదటి ఉత్తరం, "పైన పేర్కొన్న విషయమునకు సంబంధించి" అని మొదలైంది. నేను తెలుగు చేసి చదువుతుంటే అమ్మ సగంలోనే గరిటె ఎత్తింది. "ఇది ఆయన కాదు. ఇది ఆఫీసు." సున్నా. రెండోది కూడా సున్నా. మూడో ఉత్తరంలో, బస్సులో ఒక సర్దార్జీ నిద్రపోతూ తన భుజం మీద వాలిపోయాడనీ, లేపడం ఇష్టం లేక తను దిగాల్సిన స్టాపు దాటిపోయి, వెనక్కి నడిచి వచ్చాననీ రాశాడు. వాక్యాలు పొట్టివి. రెండు తప్పులున్నాయి. అంతకుముందు ఆయన ఇంగ్లీషులో ఎప్పుడూ తప్పులుండేవి కావు. అమ్మ విని, కూరలో ఉప్పు వేయడం మర్చిపోయింది.

"ఆఁ. ఇది ఆయనే," అంది.

ఆ రెండు తప్పులకు నేను నీలం కొస వాడాను. నాన్న రాత మీద ఎర్ర కొస మళ్ళీ వాడలేదు.

ఆరు వారాల్లో నలభై ఉత్తరాలు. వాటిలో గిగిల్ వచ్చింది, యాన్ వచ్చింది, మొదటి వాన పడిన రోజు ఆఫీసు గేటు ముందు పడిల్ కూడా వచ్చింది. ఫైళ్ళ మాటలు ఒక్కోసారి దొంగచాటుగా దూరేవి. అమ్మకు ఇంగ్లీషు రాకపోయినా, నేను తెలుగు చేసినా, ఎలాగో పట్టేసేది. "ఇక్కడ గొంతు మారింది, మళ్ళీ చదువు" అనేది. అక్కడ సరిగ్గా "ఆదేశాల నిమిత్తం" ఉండేది. తరువాత నా ఉద్యోగంలో ఎందరో ఇంగ్లీషు దిద్దేవాళ్ళను చూశాను, కొందరి దగ్గర శిష్యరికం కూడా చేశాను. అమ్మ లాంటి చెవి ఇంకొకరికి లేదని ధీమాగా చెప్పగలను. పడవవాడి ప్రశ్న చివరి వారంలో మళ్ళీ అడిగాను. నాన్న ఈసారి ఎవరినీ సంప్రదించలేదు. "పిల్ల బతుకుతుందో లేదో అతనికి తెలియదు. తెలియనప్పుడు మాట రాదు" అని రాశాడు.

పరీక్ష రోజు అమ్మ ఆవ పెట్టిన పనసపొట్టు కూర చేసింది. ఢిల్లీలో లేత పనసకాయ ఎక్కడ దొరికిందో ఆమె చెప్పలేదు. నాన్న రాసి వచ్చాడు, బాగా రాశానని గానీ లేదని గానీ అనలేదు. ఆ మర్నాటి నుంచి క్యూలో మాటలు లేకపోయినా, అమ్మకు ఉత్తరాలు మాత్రం ఆగలేదు. ఆఫీసులో ఎవరూ వాడకుండా మిగిలిన పాత డైరీలు రెండు తెచ్చాడు. ఒకదానిలో తను పేజీ రాసేవాడు. రెండోది నాకిచ్చి, "వచ్చింది వచ్చినట్టు ఎక్కించు తల్లీ, ఏ రోజుది ఆ రోజే" అన్నాడు. ఉత్తరాల రిజిస్టరుకు ఆయన పాటించే నియమమే అది. నా బీరువాలో మొదటి డైరీ అదే.

చలి ముదిరాక ఒక శనివారం అమ్మ, పంజాబీ ఆంటీ కూతురి పురుటికి సాయం వెళ్ళింది. నాకు స్కూలు లేదు. నాన్న నన్ను తనతో ఆఫీసుకు తీసుకెళ్ళాడు. ఎత్తయిన గోడలు, పాత కాగితాల పుల్లటి వాసన, బల్ల కింద ఎర్రగా కాలే హీటరు. నన్ను ఒక ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి తన పనిలో పడ్డాడు. కాసేపటికి వచ్చిన టపాలో ఒక సీలు వేసిన కవరు ఉంది. పైన పరీక్ష పేరుంది. నేను చదివాను. నాన్న కూడా చదివాడు. చదివి, రిజిస్టరులో వరస ప్రకారం ముందున్న పదకొండు ఉత్తరాలకు నంబర్లు వేసి, పన్నెండో నంబరు దీనికి వేశాడు.

"నాన్నా, తెరిచి చూడు."

"మన పేరు మీద వచ్చింది కాదు తల్లీ."

కవరు పట్టుకుని పొడుగాటి వరండాలో నడిచాడు. నేను వెనక పరుగులాంటి నడక. తన ఫలితం తన చేతిలో ఉన్న మనిషి ఎప్పటి నడకే నడిచాడు. సెక్షన్ ఆఫీసరు గారి బల్ల మీద కవరు పెట్టి, తలుపు బయట నిలబడ్డాడు. లోపల సీలు చిరిగిన చప్పుడు విన్నాను. ఆదివారాలు మా ఇంట్లో అట్లు తినే ఆయన ముఖంలో ఏమైనా తెలుస్తుందేమోనని తొంగిచూశాను. ఆయన కాగితం మీద ఏదో రాసి, తలెత్తకుండా పిలిచారు. ఆఫీసులో ఆయన మాట కూడా ఫైలు మాటే. "ఇది బోర్డుకు అంటించు," అన్నారు. కాగితం మడతపెట్టి ఇచ్చారు.

నాన్న మడత విప్పలేదు. ముందు హీటరు మీద గిన్నె పెట్టి, మైదా కలిపి, ఉండలు కట్టకుండా పుల్లతో తిప్పుతూ జిగురు కాచాడు. చల్లారేదాకా ఆగాడు. బోర్డు మీద పాత నోటీసు మూలలు గోకి శుభ్రం చేశాడు. కాగితం వెనక జిగురు వేళ్ళతోనే పూసి, వంకర లేకుండా అంటించి, అరచేత్తో పైనుంచి కిందకు సాపు చేశాడు. అప్పుడు చదివాడు. రోల్ నంబర్ల వరసలో నాలుగో నంబరు దగ్గర అరచెయ్యి ఆగింది. అక్కడ ముడత ఏమీ లేదు. అయినా ఇంకోసారి సాపు చేశాడు.

నేను ఎగిరాను. నాన్న నన్ను పక్కకు జరిపి, వెనక నిలబడ్డవాళ్ళకు దారి ఇవ్వమన్నాడు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం, రాజ్మా తిన్నాం. సాయంత్రం బస్సులో నాకు కిటికీ సీటు ఇచ్చాడు.

ఇంటికి వచ్చాక, దీపాలు పెట్టే వేళకు, నాన్న ఆ రోజు పేజీ రాసి నా చేతికిచ్చాడు. రెండే వాక్యాలు. నేను అమ్మకు తెలుగులో చదివాను. "ఈ రోజు నా నంబరు నేనే గోడకు అంటించాను. సాయంత్రం దాకా నా చేతికి మైదా వాసన ఉంది."

అమ్మ ఏ మార్కులూ వేయలేదు. పొయ్యి మీది వేణ్ణీళ్ళు చెంబులో పట్టుకొచ్చి, వరండాలో నాన్న చేతుల మీద తనే పోసింది. చలి కదా, అందుకని అనుకున్నాను.

కథ ఇక్కడికి వచ్చేసరికి బియ్యం ఏరడం ఎప్పుడో అయిపోయింది. మనవరాలు ఆ పేజీ చూస్తానంది. బీరువా తీసి, నాన్న డైరీ, నా మొదటి డైరీ రెండూ తెచ్చాను. నాన్న ఆ తరువాత ఎన్నో ఫైళ్ళ మీద ఎడమవైపు పొట్టి సంతకం పెట్టాడు. ఆ ఫైళ్ళు ఏ గోదాములో ఉన్నాయో, ఏ తూకానికి పోయాయో తెలియదు. ఈ పేజీ ఉంది. పిల్ల ఆ రెండు వాక్యాలు పెదవులు కదుపుతూ చదివింది. ఇంగ్లీషు బాగుందని పెద్ద పరీక్షకురాలిలా ఒప్పుకుంది.

నేను ఊరుకోలేదు. పాఠం పాఠమే కదా. పేరా చదివావు, ఇప్పుడు ప్రశ్న, పాసైనందుకు ఆ రోజు ఆయన సంతోషించాడా అని అడిగాను. రాయలేదు కాబట్టి తెలియదంటుందనీ, నా పాఠం దానికి ఎక్కిందనీ అనుకున్నాను. నా వరకు నాకు జవాబు అదే. ఆ రోజు నాన్న నవ్వలేదు, స్వీట్లు కొనలేదు, ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు చదివినా ఆ పేజీలో సంతోషం అన్న మాట నాకు దొరకలేదు.

పిల్ల మళ్ళీ చదివింది. వేలు రెండో వాక్యం మీద పెట్టింది.

"సంతోషించారు అమ్మమ్మా. ఇక్కడే ఉంది."

"ఎక్కడ?"

"సాయంత్రం దాకా వాసన ఉందంటే, సాయంత్రం దాకా చెయ్యి కడుక్కోలేదు కదా."

నేను నా డైరీ తెరిచాను. అదే రోజు పేజీలో, పదమూడేళ్ళ పిల్ల గుండ్రటి అక్షరాలు. నాన్న పాస్. క్యాంటీన్‌లో రాజ్మా. ఆ కింద, ఎందుకు ఎక్కించానో నాకే గుర్తులేని ఇంకో ముక్క ఉంది. నాన్న చెంచా అడిగి తీసుకుని తిన్నాడు.

మా నాన్న అన్నం చెంచాతో తినడం అంతకు ముందూ చూడలేదు, ఆ తరువాతా చూడలేదు. వచ్చింది వచ్చినట్టు ఎక్కించాను, చదవడం మాత్రం మర్చిపోయాను. అమ్మ ఆ సాయంత్రమే చదివేసింది. చెంబుతో నీళ్ళు తెచ్చింది.

గూట్లోంచి ఎరుపు నీలం పెన్సిలు తీసి, పిల్ల కాగితం మీద ఈ ప్రశ్నకు అప్పటిలాగే గడులు గీశాను. సంతకం గడి దానికే ఇచ్చాను.